వేలు ఆగిన చోట

పర్లాకిమిడి బస్టాండు దగ్గర నాకో జిరాక్స్ షాపు ఉంది. బోర్డు మీద జిరాక్స్ అనే ఉంటుంది గానీ తిండి పెట్టేది ఆన్‌లైన్ దరఖాస్తులు. ఇక్కడి నుంచి పాతపట్నానికి ఆటోలో వెళ్లి రావచ్చు, మధ్యలో రాష్ట్రం మారిపోతుంది, ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. అక్కడ చదువుకున్నవాడి టెన్త్ సర్టిఫికెట్లో వెంకటరావు అని ఉంటుంది. ఇక్కడ తీయించుకున్న కార్డులో ఒడియా పలుకుబడి తగిలి బెంకట్ రావు అయిపోతాడు. ఇద్దరూ ఒకడేనని నమ్మించడానికి అఫిడవిట్లు, ఫోటోలు, సంతకాలు. నా రోజులో సగం దీనికే పోతుంది.

నేను రాయబోయేది కథలు చెప్పే కంప్యూటర్ ఆటల గురించి. మరి షాపు గోల మొదలుపెట్టాడేంటి అనుకోకండి. నేను ఆడిన కథల ఆటల్లో నన్ను గట్టిగా పట్టుకున్నది దెయ్యాలదీ కాదు, గుర్రాలదీ కాదు. కాగితాల ఆట. పేరు పేపర్స్, ప్లీజ్. 2013లో వచ్చింది, లూకస్ పోప్ అనే ఆయన దాదాపు ఒంటి చేత్తో చేశాడు. నా షాపులో ఉన్న పాత సిస్టమ్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

(ముందే ఒక మాట. కింద చెప్పబోయే ఆటల కథలన్నీ చివరిదాకా చెప్పేస్తాను. ఆడదామనుకుంటున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి, నన్ను తిట్టుకోవద్దు.)

1982 నవంబర్. అర్‌స్టోట్‌స్కా అనే లేని దేశం. సరిహద్దు చెక్‌పోస్టులో మీకు ఉద్యోగం. మనుషులు ఒక్కొక్కరుగా కిటికీ ముందుకొస్తారు, పాస్‌పోర్టు పెడతారు. పేరు, ఊరు, గడువు తేదీ, ఫోటో అన్నీ సరిచూసి పచ్చ ముద్రో ఎర్ర ముద్రో వేయాలి. సరిగ్గా చూసిన మనిషికి ఐదు క్రెడిట్ల జీతం. తప్పు చేస్తే పక్కనున్న మిషన్ నుంచి చీటీ బయటికొస్తుంది. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరిక, మూడోదాని నుంచి జీతంలో కోత. సాయంత్రం ఇంటి లెక్క: అద్దె, తిండి, చలికి హీటు, జబ్బు చేసినవాళ్లకి మందు. డబ్బు చాలదు. అసలు చాలకూడదు కూడా, ఆట కిటుకంతా అందులోనే ఉంది.

ఒకరోజు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పంపించేశాను. వెళ్తూ వెళ్తూ, నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయ చూపించండి అంటాడు. ఆమె వస్తుంది. ఒక కాగితం లేదు. వెనక్కి పంపితే చంపేస్తారు అంటుంది.

నిజం చెప్పాలంటే ఇది సినిమాలో వస్తే నాకు కన్నీళ్లు రావు, ఎన్నిసార్లో చూసేసిన సీనే. కానీ ఇక్కడ ముద్ర నా చేతిలో ఉంది. అప్పటికే ఆ రోజు రెండు చీటీలు వచ్చేసి ఉన్నాయి. ఆమెని వదిలితే ఇంట్లో హీటు డబ్బులు పోతాయి. మౌస్ మీద వేలు ఆగిపోయింది. క్యూలో వెనకాల జనం, పైన గడియారం నడుస్తోంది, నేను మాత్రం ఊరికే ఆమె పాస్‌పోర్టుని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. చివరికి వదిలేశాను. చీటీ వచ్చింది.

లాక్‌డౌన్‌లో పాతపట్నానికీ మాకూ మధ్య బారికేడ్లు పెట్టినప్పుడు ఈ-పాస్ ప్రింట్లు తీసింది నేనే. కాన్పుకి పుట్టింటికెళ్లిన కూతురు అవతల, తల్లి ఇవతల. ఆ తల్లి నా కౌంటర్ ముందు నిలబడి అడిగిన మాటలు వేరు, ఆటలో ఆమె అడిగిన మాటలు వేరు. నేను చేసిన పని మాత్రం ఒక్కటే, కాగితం వైపు చూడటం. ఆట చేసినాయనకి మా ఊరెక్కడుందో కూడా తెలిసి ఉండదు.

అప్పటి నుంచి నాకొక లెక్క కుదిరింది. ఆటలో కథ బాగుండటం వేరు, ఆ కథ ఏళ్ల తరబడి గుర్తుండటం వేరు. నాకు గుర్తున్నవన్నీ నా వేలు ఆగిపోయిన చోట్లే. గ్రాఫిక్స్ ఎంత గొప్పగా ఉన్నా, డైలాగులు ఎంత బాగా రాసినా, వేలు ఆగకపోతే ఆర్నెల్లకి కథ మొత్తం కలిసిపోతుంది. ఎవరు ఎవరి తమ్ముడు, ఏ కోటలో ఏ తాళం, ఏమీ గుర్తుండదు.

మా తరంలో చాలామందికి మొదటి కథ ఆట ప్రిన్సే అయ్యుంటుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డన్ మెక్నర్ 1989లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం చేశాడు, తర్వాత మామూలు పీసీల్లో నడిచే డాస్‌కి వచ్చింది. మేం ఆడింది కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, సారు టీకి వెళ్లినప్పుడు. ఆట మొదలుపెట్టేటప్పుడు ప్రిన్స్ అన్న మాట పక్కన మెగాహిట్ అని టైప్ చేస్తే దొంగదారులన్నీ తెరుచుకుంటాయని ఎవడో బరంపురం నుంచి మోసుకొచ్చాడు. ఎవడు కనిపెట్టాడో తెలీదు గానీ దేశమంతా తెలిసిన రహస్యం అది.

కథ అంటే ఏముంది అందులో? రాకుమారిని మంత్రి బంధించాడు, గంటలోపు పై అంతస్తుకి చేరాలి. అంతే. కానీ నాలుగో లెవెల్లో దారికి అడ్డంగా ఒక అద్దం వస్తుంది. పరుగెత్తుకెళ్లి అద్దంలోంచి దూకితే, అవతలి వైపు నుంచి మన నీడ ఒకటి బయటపడి పారిపోతుంది. మన ప్రాణం ఒక్క చుక్కకి పడిపోతుంది. ఆ తర్వాత ఆ నీడ మనల్ని ఏడిపిస్తూనే ఉంటుంది. ఒకచోట మనకంటే ముందొచ్చి మందు తాగేస్తుంది, ఒకచోట గేటు మూసేసి మనల్ని కింద పడేస్తుంది. ఆఖర్న పన్నెండో లెవెల్లో కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. కొడితే దెబ్బ మనకే తగులుతుంది. చంపితే చచ్చేది మనమే.

ఇన్‌స్టిట్యూట్‌లో కుర్చీ ఒకటి, చుట్టూ మేం నలుగురం, సలహాలు నలభై. అందరూ కొట్టరా కొట్టరా అంటున్నారు. కీబోర్డు దగ్గరున్నవాడు కత్తి ఒరలో పెట్టేశాడు. ఎందుకు పెట్టాడో వాడికే తెలీదు, బహుశా విసుగొచ్చి ఉంటుంది. నీడ కూడా కత్తి దించేసింది. ఇద్దరూ ఒకరిలోకి ఒకరు నడిచి కలిసిపోయారు. ఆ తర్వాత ఖాళీ అనుకున్న చోట అడుగు పెడితే కింద నేల వచ్చింది! ఒక్క మాట లేదు, ఒక్క అక్షరం తెర మీద పడలేదు. మెలకువలో ఆడిన కల అది.

ఆ నీడ ఎలా పుట్టిందో చాలా తర్వాత చదివాను. యాపిల్ టూ మెమరీలో కొత్త పాత్రకి చోటు లేదట. హీరో కదలికలకి మెక్నర్ తన తమ్ముడు పరిగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసుకుని దాని మీద బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలకే మెమరీ అంతా అయిపోయింది. అందుకని హీరో బొమ్మనే కొద్దిగా పక్కకి జరిపి, దాని మీద దాన్నే వేసి రంగులు తారుమారు చేసి నీడ మనిషిని తయారుచేశాడు. చోటు లేక చేసిన పనే కథకి ప్రాణమైంది. ఇప్పుడు వందల మంది కూర్చుని, వంద జీబీల ఆట తీసి, అందులో ఒక్క నీడని కూడా పెట్టలేకపోతున్నారు కొందరు. ఇది కొంచెం ముసలి మాటే, ఒప్పుకుంటాను.

మా ఆవిడది బరంపురం. ఇంట్లో ఆమె ఒడియా, నేను తెలుగు, పిల్లది రెండూ కలిపి. ఆటలంటే ఆమెకి పెద్ద ఇష్టం లేదు, ఇంగ్లీషు డైలాగులు చదువుతూ కూర్చోవడం ఎవరివల్లవుతుంది అంటుంది. ఆమె చివరిదాకా చూసిన ఆట ఒకటే, బ్రదర్స్. అందులో వాళ్లు మాట్లాడేది అసలు ఏ దేశపు భాషా కాదు, కల్పించింది. మా ఇంట్లో అందరికీ సమానంగా అర్థం కాలేదు, సమానంగా అర్థమైంది.

అదీ 2013లోనే వచ్చింది. తండ్రికి జబ్బు, మందు నీళ్ల కోసం అన్నదమ్ములిద్దరూ బయలుదేరతారు. రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ అన్న, కుడి స్టిక్ తమ్ముడు. ఇద్దరినీ ఒకేసారి మనమే నడపాలి. మొదట్లో బుర్ర తిరుగుతుంది, ఇటు వెళ్లమంటే అటు వెళ్తారు. తమ్ముడికి నీళ్లంటే భయం, తల్లి నీళ్లలోనే పోయింది. అందుకని ఏరు వచ్చినప్పుడల్లా అన్న వీపు మీద ఎక్కించుకుని ఈదుతాడు. చివర్లో అన్న చనిపోతాడు. తమ్ముడు ఒక్కడే ఇంటిదారి పడతాడు. ఎడమ చేతికి పని లేదు. ఊరికే స్టిక్ మీద బొటనవేలు పెట్టుకుని ఉన్నాను. ఊరి ముందర ఏరు పొంగి ఉంది. తమ్ముడు ఒడ్డున నిలబడి కదలడు. కుడి వైపు బటన్ ఎంత నొక్కినా లాభం లేదు.

వెనక నుంచి మా ఆవిడే, ఆ రెండో వైపుది నొక్కి చూడు అంది. అన్న బటన్. నొక్కాను. తమ్ముడు నీళ్లలోకి దిగి ఈదాడు.

దీన్ని నేను ఎంత వివరించినా సగం కూడా రాదు. అన్నయ్య ధైర్యం తమ్ముడిలో ఉంది అని పాత్ర చేత చెప్పిస్తే మామూలు డైలాగు. ఇక్కడ ఆ మాట నా ఎడమ చేతికి తెలిసింది, అదీ కాసేపు ఖాళీగా ఉండి ఉండి. ఈ ఆటకి దర్శకుడు జోసెఫ్ ఫారెస్, అప్పటికే సినిమాలు తీసినవాడు. సినిమాలో కుదరనిది ఏదో తెలిసినవాడు కాబట్టే ఈ బటన్ పట్టుకున్నాడని నా నమ్మకం.

సరే, ఇప్పుడు నా లెక్కకి అడ్డం తిరిగేవి రెండున్నాయి. వేలు ఆగకుండా నొక్కేసి, తర్వాత కుమిలేలా చేసే ఆటలు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నా సిస్టమ్ మీద నడవదు. మా మేనల్లుడి పీఎస్4 మీద, అంటే టీవీకి తగిలించి ఆడే పెట్టె మీద ఆడాను. 1899 అమెరికా, ఆర్థర్ మోర్గన్ అనే దొంగ. మొదట్లోనే అప్పు వసూలు పని ఒకటి ఇస్తారు. డౌన్స్ అని ఒక బక్కపలచని రైతు, బాకీ ఉన్నాడు, కొట్టాలి. మనం ఆడే ఆటల్లో కొట్టడం ఏముంది, రోజూ చేసేదే, బటన్ నొక్కుతూ పోయాను. అతను దగ్గుతాడు, రక్తం ఆర్థర్ మొహం మీద పడుతుంది. నేను పట్టించుకోలేదు. మ్యాప్ మీద తర్వాతి గుర్తు వైపు గుర్రం తిప్పేశాను. ఎన్నో గంటల తర్వాత, ఎన్నో దోపిడీల తర్వాత, ఆర్థర్ నడిరోడ్డు మీద దగ్గుతూ కూలిపోతాడు. డాక్టరు టీబీ అంటాడు. అప్పుడు గుర్తొస్తుంది ఆ రైతు. మా మేనల్లుడు కంట్రోలర్ కింద పెట్టి, "మావయ్యా, ఆ పని వదిలేసి ముందుకెళ్లడానికి ఏదైనా దారుందేటి?" అని అడిగాడు. లేదు. ఆ పని చేయకుండా కథ ముందుకి కదలదు. అప్పుడు ఆగని వేలు ఇప్పుడు ఆగింది, వాడికీ నాకూ.

రెండోది 2017లో వచ్చిన వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్. ఒక కుటుంబంలో ఒక్కొక్కరూ ఎలా పోయారో ఒక్కో చిన్న ఆటగా చెబుతుంది. అన్నీ ఒకలా ఉండవు, కొన్ని నాకు నచ్చలేదు. లూయిస్ భాగం మాత్రం నా జోలికి వచ్చింది. అతను చేపల ఫ్యాక్టరీలో పనివాడు. కుడి చేత్తో చేపని అందుకోవాలి, కత్తి కిందకి జరపాలి, తల తెగాక పక్కకి తొయ్యాలి. మళ్లీ చేప. ఎడమ చేత్తో, తెరలో ఒక మూల, అతని ఊహాలోకంలో చిన్న రాజుని నడపాలి. ఊహ పెరుగుతూ పెరుగుతూ తెరంతా నిండిపోతుంది. చేపలు కనబడటం మానేస్తాయి. అయినా కుడి చెయ్యి కోస్తూనే ఉంటుంది. నేను కోస్తున్నానన్న సంగతి నేనే మర్చిపోయాను.

రోజుకి కట్టలు కట్టలు కాగితాలు మిషన్‌లో పెట్టేవాడికి ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి. లైటు అటు వెళ్తుంది, ఇటు వస్తుంది, చెయ్యి కాగితం తిప్పుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. చివర లూయిస్‌కి పట్టాభిషేకం. కిరీటం కోసం తల వంచాలి. ఎక్కడ వంచుతున్నాడో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ రాత్రి షాపు నుంచి ఇంటికొచ్చాక చేతులు చూసుకున్నాను, అంతకంటే ఏం రాయను.

సంగీతం గురించి, నటుల గొంతుల గురించి కూడా రాయాలి నిజానికి. వాటిని గురించి నాకంటే బాగా రాసేవాళ్లున్నారు. వదిలేస్తున్నాను.

నీ ఎంపికల్ని బట్టే కథ మారుతుంది అని డప్పు కొట్టే ఆటల మీద చాలామందికి కోపం. ఎటు నొక్కినా చివరికి ఒకే చోటికి తీసుకెళ్తారు, మోసం అంటారు. 2012లో టెల్‌టేల్ అనే కంపెనీ వాళ్ల వాకింగ్ డెడ్ వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. కథ పెద్దగా మారదన్న మాట నిజమే. అయితే ఏమైంది? అందులో ఒకచోట తినడానికి నాలుగు ముక్కలు చేతిలో పెట్టి, ఆకలితో ఉన్న పదిమందిలో ఎవరికిస్తావో ఇచ్చుకో అంటారు. ముందు పిల్లలిద్దరికీ ఇచ్చాను. మిగతా రెండు ఎవరికన్నది తేల్చడానికి పట్టిన సమయం నాకు గుర్తుంది. ఆ తర్వాత కథ ఎటు పోయిందో సరిగ్గా గుర్తు లేదు. కథ మారిందా లేదా అన్నది రాసినవాళ్ల బాధ. ఆడేవాడికి కావలసింది ఆ నాలుగు ముక్కలు.

దీన్ని అన్నిటికంటే కష్టమైన చోటికి తీసుకెళ్లింది లైఫ్ ఈజ్ స్ట్రేంజ్. 2015లో ఐదు భాగాలుగా వచ్చింది. మాక్స్ అనే అమ్మాయికి కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి వస్తుంది. తప్పు మాట అంటే వెనక్కి తిప్పి మళ్లీ అనొచ్చు. కాబట్టి మొదట్లో వేలు ఎక్కడా ఆగదు. నొక్కు, నచ్చకపోతే తిప్పు. రెండో భాగం చివర్లో కేట్ అనే స్నేహితురాలు మేడ మీద అంచున నిలబడుతుంది. అప్పుడు శక్తి పనిచేయడం మానేస్తుంది. ఆమెతో మాట్లాడి కిందకి దింపాలి, ఒకే ఒక్క అవకాశం. అంతకుముందు ఆమె గదిలో మనం చూసినవి, ఆమె చెప్పినవి గుర్తుంటేనే సరైన మాట దొరుకుతుంది. ఎవరి గదికైనా వెళ్లి వస్తువుల్ని కళ్లతో తడిమేసి బయటికొచ్చే నా అలవాటు అక్కడితో పోయింది. ఆటల్లో మాత్రమే అనుకోండి.

చివరి ఎంపిక అందరికీ తెలిసిందే. ఊరి మీదకి పెద్ద సుడిగాలి వస్తోంది. మాక్స్ తన స్నేహితురాలు క్లోయీని చావు నుంచి తప్పించడం వల్లే ఇదంతా జరుగుతోంది. వెనక్కి వెళ్లి క్లోయీని చావనిస్తే ఊరు మిగులుతుంది. లేదా ఊరిని గాలికి వదిలేసి క్లోయీని ఉంచుకోవచ్చు. రెండే బటన్లు.

నేను ఈ ఆట ఆడింది తిత్లీ తర్వాత. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫాను అది. తీరం దాటాక పని అయిపోయిందనుకుంటే, మా గజపతి జిల్లా కొండల మీద పడి వాన కుమ్మరించింది. కొండచరియలు విరిగిపడి జనం పోయారు. రోజుల తరబడి కరెంటు లేదు. మా షాపు రేకులు లేచిపోలేదు గానీ, పక్కవాళ్ల రేకు ఎగిరొచ్చి మా షట్టర్‌కి గుద్దుకున్న చప్పుడు ఇప్పటికీ తెలుసు నాకు. అలాంటివాడి ముందు, ఊరు కావాలా పిల్ల కావాలా అని పెట్టారు. వేలు ఆగింది, కానీ ఎక్కువసేపు కాదు. ఊరు నొక్కాను.

మా పిన్ని కొడుకు ఉద్దానంలో ఉంటాడు. తిత్లీకి వాళ్ల కొబ్బరి తోట దాదాపు మొత్తం పడిపోయింది, జీడి చెట్లు వేళ్లతో సహా లేచాయి. వాడు కూడా ఊరే నొక్కుతాడని కళ్లు మూసుకుని పందెం కాసేవాణ్ణి. వాడు క్లోయీని నొక్కాడు.

"అదేట్రా, గాలంటే ఏటో తెలిసి కూడానా?" అన్నాను ఫోన్లో.

"తెలిసే నొక్కాన్నయ్యా. తోట పోనాది, మళ్లీ మొక్కలెట్టినాం. మనిషి పోతే ఏటెడతాం?"

"ఊళ్లో ఉన్నోళ్లు మనుషులు కారేట్రా?"

"ఊళ్లో జనం చచ్చిపోనారని ఆటలో ఎక్కడ చూపించినాడు? ఇళ్లు పడిపోనాయి. అంతే గదా చూపించినాడు."

ఇది నిజం. ఆ ముగింపులో ఇద్దరమ్మాయిలూ కూలిన ఊరి మధ్యలోంచి బండిలో వెళ్లిపోతారు. ఎవరు బతికారో ఎవరు పోయారో చెప్పరు. నేనేమో అందరూ పోయారనే అనుకుని చూశాను. వాడు అందరూ ఎక్కడో తలదాచుకుని ఉంటారనుకుని చూశాడు. తోట పోయినవాడేమో వాడు, రేకు కూడా పోనివాణ్ణి నేను.

ఈ తగువు సంక్రాంతికి వాళ్లింటికెళ్లినప్పుడు మళ్లీ లేచింది. అరిసెలు వత్తుతూ వింటున్న మా పిన్ని, "ఆ పిల్ల తల్లెక్కడుందర్రా?" అని అడిగింది.

ఊళ్లోనే, హోటల్లో పని చేస్తుంది అన్నాను.

"మరి ఆ పిల్లనే అడగలేకపోనారా, ఏటి చెయ్యమంటావమ్మా అని?"

అడగక్కర్లేదు పిన్నీ, తనే చెబుతుంది, నన్ను వదిలెయ్యి, మా అమ్మ అలా చావకూడదు అంటుంది అన్నాను. నెగ్గేశానని తమ్ముడి వైపు చూశాను.

వాడు వెంటనే, "పిల్ల చెప్పిందని తల్లి ఇంటాదేటే అమ్మా?" అన్నాడు.

పిన్ని అరిసె నూనెలో వేసి, "నువ్వు చెప్పినట్టే ఇనుంటే నీకు ఇంజినీరింగ్ వచ్చునేట్రా?" అంది.